సోమవారం సూదిమందు

ఫ్రిజ్‌ల చెయ్యి పెట్టంగనే జకరయ్య గుండె జల్లుమన్నది. లోపల చల్లగ లేదు. ఐసంతా కరిగి కిందికి కారి, మందుల అట్టపెట్టెలు నానిపోయినయి. మే నెల ఉక్కకు సీసాలు గోరువెచ్చగ తగిలినయి.

ఇందాక షటరు సగం కూడ లేవకముందే రామ్‌సింగ్ బిడ్డనెత్తుకొని ఉరికొచ్చిండు. పిల్ల పిక్కను పిచ్చికుక్క పట్టి ఈడ్చిందట. ఆ ఆగమాగంల జకరయ్య ఈ ఫ్రిజ్‌ల నుంచే కుక్కకాటు మందు తీసిచ్చిండు. పక్క సందుల కాంపౌండరు సూది వేసిండు. తండ్రీబిడ్డలు బండెక్కి తండాకు పోయిర్రు. సీసా వెచ్చగున్న సంగతి చేతికి తెలిసింది గాని బుర్రకెక్కలే.

ములకలపల్లి సెంటర్ల ఆదివారం మూసే మెడికల్ షాపు జకరయ్యది ఒక్కటే. "ఆదివారం దేవునిది. ఆనాటి పైసలు నాకు అరగవు" అంటడు, కొంచెం గొప్పగనే అంటడు. హోళీ ముంగట పక్క బట్టల దుకాణం షార్ట్ సర్క్యూటయి కాలినకాడి నుంచి, శనివారం సాయంత్రం కరెంటు మెయిన్ బంద్ చేసి మరీ ఇంటికి పోతున్నడు. ఆ మెయిన్ మీదనే ఫ్రిజ్ గూడ ఉన్నదన్న సంగతి ఇన్ని వారాల్ల ఒక్కపారి తట్టలే. సోమవారం మధ్యాహ్నానికల్ల అది మళ్ల చల్లబడుతుండె మరి. చదువుకున్నోని బుద్ధి గడ్డి తిన్నది, ఇంకేం చెప్పాలె!

కొత్తగ కొన్న సెల్లుల సిగ్నల్ దొరకలే. ఎస్టీడీ బూతుకు ఉరికి, ఖమ్మంల తెలిసిన డాక్టరుకు ఫోన్ కొట్టిండు. "ఆ మందు పనిచేయొచ్చు, చేయకపోవచ్చు. పిల్లను జల్దీ భద్రాచలం దవాఖానాకు తోలు" అన్నడాయన. పిచ్చికుక్క కాటు కాడ చేయొచ్చు, చేయకపోవచ్చు అంటే ఏంది? ఆ రోగం బయటపడ్డంక మనిషి దక్కడు.

తిరిగొచ్చేసరికి భార్య ఉషారాణి క్యారేజీ తెచ్చి కూసున్నది. సంగతి విని నెత్తి పట్టుకున్నది.

"పో, పోయి చెప్పు, పిల్ల పానం. కాని మెయిన్ బంద్ చేసిన అనకు. కరెంటు పోయిందను. కరెంటోళ్లను ఊరంతా తిడ్తనే ఉంటది, ఇంకో తిట్టు ఎక్కువైతదా? నువ్వే చేసినవని తెలిస్తే లైసెన్సు పోతది. ఈ దుకాణం తప్ప మనకేమున్నది?"

జకరయ్య షటరు గుంజి బండి తీసిండు.

అడవి దారి పొడుగునా ఆ మాటే నోట్ల తిప్పుకున్నడు. కరెంటు పోయింది. కరెంటు పోయింది. ఆకు రాల్చిన టేకు చెట్ల నడుమ ఎండ మాడు పగలగొడ్తున్నది. ప్రభువా, గింత చిన్న అబద్ధం, పిల్లయితే బతుకుతది కదా అని బేరం పెట్టిండు. ఆదివారం బేరం బంద్ పెట్టే మనిషి, సోమవారం దేవునితోనే బేరం!

తండాల మంచం మీద రామ్‌సింగ్ బిడ్డ జ్యోత్స్న తాటిముంజె చీకుకుంట, కట్టు కట్టిన కాలు చూపించి నవ్వింది. జకరయ్య పిల్ల తండ్రి దిక్కు తిరిగిండు.

"రామ్‌సింగ్, పొద్దున నేనిచ్చిన మందు ఖరాబైంది. పిల్లను ఇప్పుడే భద్రాచలం తీస్కపోవాలె. ఫ్రిజ్... కరెంటు పోయింది."

రామ్‌సింగ్ మొఖం తెల్లబోయింది. బండి తాళం అందుకున్నడు గాని, వచ్చి జకరయ్య చేతులు పట్టుకున్నడు. "ఇంకోడైతే అమ్మినంక మళ్ల మొఖం చూపియ్యడు సేటూ. గీ ఎండల నువ్వు ఉరికొచ్చినవ్. కరెంటోడు చేసినదానికి నువ్వేం చేస్తవ్?"

రామ్‌సింగ్ అక్క ద్వాలి చెంబుతోని నీళ్లు తెచ్చిచ్చింది. "తాగన్నా. నువ్వున్నవనే ధైర్యం మాకు. ఉగాదప్పుడు నన్ను కుక్క కరిస్తే సూదులన్నీ నీ కాడ కొన్నయే కదా."

చెంబు నోటిదాకా పోలే. ఉగాది అంటే హోళీ తర్వాత. ఇంతసేపు ఈ ఒక్క పిల్లనే తల్చుకున్నడు గాని, అంతకుముందు సోమవారాలు కొన్నోళ్లు మనసుకే రాలే. ఇప్పుడు నీళ్లు తాగి లేస్తే అయిపోతది. కరెంటు ఒక్కనాడే పోయిందనుకుంటరు. ద్వాలి నవ్వుకుంట పొయ్యికాడికి పోతది.

"అక్కా, ఆగు" అన్నడు. "కరెంటు పోలే. అబద్ధం చెప్పిన. నేనే మెయిన్ బంద్ చేసిన. ఈ వారం ఒక్కటే కాదు, హోళీ కాడి నుంచి ప్రతి శనివారం."

రామ్‌సింగ్ అంగీ కాలరు పట్టిండు. జకరయ్య ఇడిపించుకోలే. ద్వాలి మాత్రం లొల్లి చెయ్యలే. వంగి మడమ మీది పాత గాటు తడుముకున్నది.

"ఒక్కటి తప్ప, నా సూదులన్నీ సోమవారాలే పడ్డయన్నా. ఇప్పుడు నాకేమైతది?"

"తెల్వదక్కా. నువ్వు గూడ బండెక్కు."

ద్వాలి తమ్ముని బండే ఎక్కింది, పిల్లను నడుమ పెట్టుకొని. జకరయ్య దిక్కు చూడనన్న చూడలే. ఆయన వాళ్ల వెనకాలనే పోయిండు. ఆ సోమవారాలు మందు కొన్నోళ్ల మొఖాలు ఒక్కొక్కటే యాదికొస్తున్నయి.