డ్రైవరు సీటు

సాయంత్రం కారు దిగగానే లాల్ అహమ్మద్ చాప మీద బోర్లా పడుకునేవాడు. భార్య మేరాజ్ బీ ఇసుక మూట వేడిచేసి అతని నడుముకు కాపడం పెట్టేది. అనంతపురం నుంచి తనకల్లు దాకా ఆ పాత టాక్సీ నడిపి వచ్చేసరికి అతనికి మాట్లాడే ఓపిక కూడా ఉండేది కాదు. సీటు స్ప్రింగులు తెగి గుచ్చుకుంటున్నాయని ఆమెకు తెలుసు. "నేను సరిచేసి కుడతా" అని ఒకసారి అన్నది. "బొంత కుట్టినట్టు అనుకుంటివా? కారు సంగతి ఆడోళ్లకేం తెలుస్తాది?" అన్నాడు. కోపం వచ్చింది గానీ, కాపడం పెట్టే చెయ్యి మాత్రం ఆగలేదు.

ఒక శుక్రవారం అతను నమాజుకు పోయినప్పుడు, వాకిట్లో నిలిపిన కారు తలుపు తీసి డ్రైవరు సీటులో కూర్చుంది. పన్నెండేళ్లుగా రోజూ ఆ కారు తుడిచేది తనే అయినా అందులో కూర్చోవడం అదే మొదలు. ఎడమవైపు పల్లం, నడుము దగ్గర ఖాళీ. స్ప్రింగు తననూ పొడిచింది. రోజంతా ఈ మనిషి ఇట్లాగే వంగి కూర్చుంటున్నాడా అనుకునేసరికి కళ్లు చెమర్చాయి. జానలతో సీటు కొలుచుకుంది. అడుగున గోనెపట్టా నాలుగు మడతలు, దాని మీద కొబ్బరి పీచు, ఆ పైన మడకశిర నుంచి తెప్పించిన గొర్రె ఉన్ని, నడుము ఆనేచోట ఇంకొంచెం మందంగా. వంటపని తెమిలాక దబ్బనం పట్టుకుని వారం రోజులు ఆ మెత్త కుట్టింది. వేళ్లు బొబ్బలెక్కాయి.

మరుసటి శుక్రవారం దాన్ని సీటు మీద అమర్చింది. "ఏందిది?" అన్నాడే గానీ తీసెయ్యలేదు. శనివారం సాయంత్రం వచ్చి పడుకోకుండా కూర్చుని అన్నం తిన్నాడు. కాపడం అడగలేదు. బాగుందనీ అనలేదు.

నాలుగు రోజులకు, స్టాండులో ఇంకో టాక్సీ నడిపే శివప్ప ఇంటికి వచ్చాడు.

"అన్నా, ఆ సీటు బెంగళూరులో చేయించినానంటివి కదా. దాన్ని కుట్టినాయన అడ్రసు ఇయ్యి. నా నడుమూ ఇరిగిపోతాండాది."

లాల్ అహమ్మద్ నేల చూపులు చూశాడు. తెర వెనక ఉన్న మేరాజ్ బీ ఆ మాట విన్నది. బొబ్బలు చితికిన చేత్తోనే తెర పక్కకు తీసి ముందుకు వచ్చింది.

"బెంగళూరు దాకా ఎందుకు శివప్పన్నా? కుట్టింది నేనే. కారు ఈడికే తీసుకురా. నువ్వు కూర్చుంటే యాడ గుచ్చుకుంటాదో చూసి కుడతా."

శివప్ప ఇద్దరినీ మార్చి మార్చి చూసి, "అట్లనే వదినా" అని వెళ్లాడు.

లాల్ అహమ్మద్ తల ఎత్తకుండానే అన్నాడు. "నువ్వు చేసినావని స్టాండులో చెప్తే, ఇన్నేళ్లు నేను ఓర్చుకునిందంతా తెలివితక్కువేనని నవ్వుతారనిపించింది."

అతని ముఖం చూస్తే ఆమెకు జాలేసింది. జాలిపడి ఊరుకోవడం ఇన్నాళ్లూ చేసిన పనే.

"రేపు స్టాండులో ఏమని చెప్తావు?"

"మా ఇంట్లో కుట్టినారని చెప్తా."

"ఇల్లు కుడతాదా?"

అతను తడబడ్డాడు. పెళ్లయిన నాటి నుంచి ఆమెను 'ఇదో' అనే పిలిచాడు. గొంతు సవరించుకుని, చాటుగా ఏదో తప్పు చేస్తున్నవాడిలా, "మేరాజ్ బీ కుట్టింది" అన్నాడు.

ఆమె అతని పక్కన కూర్చుంది.

"స్టాండులో గోల ఎక్కువ," అంది మెల్లగా. "ఇంకొంచెం గట్టిగా అను."