పిన్ను తీసిన చీటీలు

మా ఆవిడ లక్ష్మీకాంతం పోయి రెండేళ్ళయింది. పెడనలో మాది కలంకారీ పని. అచ్చులు నేను అద్దేవాణ్ణి, రంగులు తను కాచేది. ఏ రంగుకు పటిక ఎంత, ఎంతసేపు కాగాలి, అన్నీ చీటీల మీద రాసి, ఆ రంగు దిగిన గుడ్డపీలిక ఒకటి పిన్నుతో గుచ్చేది. నూట అరవై చీటీలు. తను పోయాక చీటీలు చూడకుండా, గుర్తున్నట్టే నేను రంగులు కాస్తున్నాను. ఇప్పుడు చీటీలకి చెద మొదలైంది.

బందరు నుంచి తబ్రేజ్ వచ్చాడు. ఇరవై ఏళ్ళుగా మా దుప్పట్లు కొనేది అతనొక్కడే.

"బావా, ఇది ఇటుక రంగు. నాకు అక్కయ్య ఎరుపు కావాలి."

"అదే ఇది."

"కళ్ళజోడు మార్చుకో. నెల రోజులు చూస్తాను. రాకపోతే వేరేచోట వేయించుకుంటా."

అతను పోతే పని మూసుకోవాలి.

చీటీలు కంప్యూటర్లో పెడితే చెద తినదన్నారు. బందరులో పెట్టించలేదు. అక్కడ సగం మంది రంగులవాళ్ళే. గుడివాడ రైలెక్కాను. స్టేషను దగ్గర అరుణకుమారి అనే ఆవిడ కంప్యూటర్ సెంటరు నడుపుతోంది. రెండు సాఫ్ట్‌వేర్లు చూపించింది.

"ఇందులో చీటీ ఫొటో, గుడ్డ ఫొటో పక్కపక్కనే ఉంటాయి బాబాయ్ గారూ. చూడగానే తెలిసిపోతుంది."

"ఎవరు చూసినా తెలిసిపోతుందా?"

"మీ కంప్యూటర్లో చూస్తే."

"నీ దగ్గర కాపీ ఉండదని ఏమిటి నమ్మకం?"

"నాకెందుకండీ? నేను కట్టేది పాలిస్టరు."

నవ్వింది. నవ్వించి కాజేసేవాళ్ళని చాలామందిని చూశాను.

రెండోదాంట్లో ఉత్త అక్షరాలే. తాళానికి పాస్‌వర్డ్ ఉంది.

"మీ పనికి మొదటిదే నయం. నా మాట వినండి," అంది.

అంతగా చెబుతోందంటే ఏదో ఉంది. రెండోదే అన్నాను. పాత కంప్యూటరొకటి ఆవిడ దగ్గరే కొని, టైపు కూడా దాని మీదే చెయ్యాలన్నాను.

ఇంటికొచ్చి పిన్నులన్నీ పీకేశాను. రంగూ రాతా ఒకచోట చూస్తేనే కదా ఎత్తుకుపోయేది. పీలికలు మూటగట్టి బీరువాలో పెట్టాను. చీటీలు మాత్రం గుడివాడ పట్టుకెళ్ళాను.

మూడు రోజులు ఆవిడ పక్కనే కూర్చున్నాను. అక్షరాలు చూడలేదు. ఆవిడ కళ్ళు ఎటు పోతున్నాయో చూశాను. టైపయిన చీటీ అయినట్టే చించేశాను.

"అయ్యో, అవెందుకండీ చింపడం?"

"నీకెందుకు? పాస్‌వర్డ్ కొట్టాలి. అటు తిరుగు."

"తిరిగాను. దుప్పటి కూడా కప్పుకోమంటారా?"

కంప్యూటరు ఆటోలో ఇంటికి తెచ్చి తెరిచాను. మొదటి చీటీ: 'దీనికి పటిక రెండు తులాలు. ఇంకాస్త కాగితే ఇంకా బాగుండేది.' రెండోది: 'దీనికీ అంతే. నీళ్ళు మార్చాలి.' మూడోది: 'దీనికి మంట తగ్గించాలి.' నూట అరవై చదివాను. ఏ రంగు పేరూ ఒక్కచోటా లేదు. గుడ్డ కళ్ళెదుట ఉండగా పేరు రాయడం ఎందుకనుకుంది లక్ష్మీకాంతం.

మూట విప్పాను. నూట అరవై పీలికలు. ఎరుపులే యాభై దాకా ఉన్నాయి. తబ్రేజ్ అడిగిన ఎరుపు పైనే ఉంది. దాని చీటీ ఏదో తెలియదు.

అరుణకుమారికి ఫోను చేశాను.

"కంగారు పడకండి బాబాయ్ గారూ. పిన్నులు తుప్పు పట్టి చీటీల మీద మరకలుండేవి. గుడ్డల మీదా ఉంటాయి. రెండూ కలిపి చూస్తే..." ఆగిపోయింది. నేను చీటీలు చించడం తను చూసింది.

ఎర్ర పీలిక తిప్పి చూశాను, తుప్పు మరక ఉంది.

"పోనీ ఒక్కొక్కటే కాచి, వచ్చిన రంగుని గుడ్డలతో సరిచూద్దాం. ఆదివారం నేనూ వస్తాను. ఇద్దరం అయితే త్వరగా తేలుతుంది."

"అక్కర్లేదు," అని పెట్టేశాను.

ఒక్కో కాపుకి రెండు రోజులు. నెలకి పదిహేను. ఏ పదిహేను ఎంచుకోవాలో తేల్చుకోలేక మొదటిదానికే పటిక తూచాను. వీధి తలుపు గడియ పెట్టి పొయ్యి వెలిగించాను.