మూడు రోజుల ట్రయల్

మూడో రోజు సాయంత్రం సూపర్‌వైజర్ చేతిలో కాగితం కూడా లేకుండానే చెప్పేశాడు. "ట్రయల్‌లో ఎవరూ పాసవ్వలేదు. ఇక వెళ్లొచ్చు."

నలభై మందిమి, అందరం డిగ్రీ దాటినవాళ్లమే. జీతం లేకుండా మూడు రోజులు ఆ గోదాములో పెట్టెలు మోశాం, టేపులు వేశాం, చీటీలు అంటించాం. ముగ్గురినే తీసుకుంటామన్నారు కాబట్టి ఒకరిని మించి ఒకరం ఒళ్లు హూనం చేసుకున్నాం. పక్కవాడి చెయ్యి తెగి రక్తం కారుతుంటే, వాడి పెట్టెలు లాక్కుని నా వరసలో పేర్చుకున్నాను. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

గేటు బయట టీ బండి దగ్గర, మాలో ఎమ్మే చదివిన అక్క నోరు విప్పింది. ఇంకో నాలుగు నెలల్లో ఆమెకు సర్కారు ఉద్యోగాల వయసు దాటిపోతుంది.

"నేనిక్కడికి రావడం ఇది రెండోసారిరా. ఆ మహానుభావుడు నా మొహం కూడా గుర్తుపట్టలేదు."

"అయితే రేపు?" అన్నాను.

"రేపు ఇంకో నలభై మంది. ఉద్యోగాల్లేవంటారు గానీ, ఏడాది పొడుగునా ఇక్కడ నలభై మంది చేసే పని ఉందంటే నలభై ఉద్యోగాలు ఉన్నట్టేగా! మూడేసి రోజుల ముక్కలు చేసి ఊరికే మింగుతున్నారు."

"మనం కాకపోతే ఇంకొకళ్లు చేస్తారక్కా," అన్నాడు చెయ్యి తెగినవాడు.

"అందుకే వాళ్లని ఆపుదాం."

మర్నాడు పొద్దున్నే నలభై మందిమీ గేటుకు అడ్డంగా కూర్చున్నాం. కొత్త బ్యాచ్ ఫైళ్లు చంకన పెట్టుకుని నిలబడిపోయింది. అరగంటలో పోలీసులొచ్చారు. ఎస్సై లాఠీ ఎత్తలేదు, పెన్ను తీశాడు.

"పేర్లు చెప్పండి. కేసు రాస్తా. ఇక జన్మలో సర్కారు ఉద్యోగం రాదు."

అంతే. ముప్పై ముగ్గురు లేచి, బట్టలు దులుపుకుని వెళ్లిపోయారు. లేని ఉద్యోగం ఊడిపోతుందని భయపడటం మా చదువుకున్నవాళ్లకే చేతనవుతుంది. వాళ్లను తిట్టలేను, నేనూ సగం లేచాను. అక్క మాత్రం పేరూ తండ్రి పేరూ తాపీగా చెప్పింది.

"ఎమ్మే అని కూడా రాయండి సార్. ఎక్కడో ఒకచోట పనికొస్తుంది."

నేను మళ్లీ కూర్చున్నాను.

మమ్మల్ని వ్యాన్ ఎక్కిస్తుంటే కొత్త బ్యాచ్ తలలు దించుకుని మా పక్కనుంచే లోపలికి వెళ్లింది. నాకు ఏడుపొచ్చింది. మర్నాడు బెయిలు మీద ఇంటికొస్తే అమ్మ నా పోటీ పరీక్షల పుస్తకాలు అటక ఎక్కిస్తోంది. ఇక ఏ పరీక్ష రాసీ లాభం లేదని ఆమెకూ తెలుసు.

బెయిలు షరతు ప్రకారం రోజూ సాయంత్రం స్టేషన్లో సంతకం పెట్టాలి. రెండోసారి మేం ఏడుగురం వెళ్లేసరికి వరండాలో కొత్త బ్యాచ్ వాళ్లు పదకొండుమంది కూర్చుని ఉన్నారు. వాళ్ల మూడో రోజున, ఎవరూ పాసవ్వలేదని చెప్పగానే గోదాములోనే బైఠాయించారట. మిగతావాళ్లు మామూలే, ఇళ్లకు పోయారు.

"మళ్లీ ఆ గేటు దగ్గర కనబడితే మీ బెయిలు రద్దు చేయిస్తా," అన్నాడు ఎస్సై మాతో.

గోదాము ఒక్క పూట కూడా ఆగలేదు. మాలో ఎవరికీ ఉద్యోగం రాలేదు, వస్తుందన్న ఆశా లేదు. రేపు పొద్దున ఇంకో నలభై మంది వస్తారు. ఈ పదకొండుమందినీ ఎస్సై వదిలేస్తే పద్దెనిమిది మందిమి, లేకపోతే ఏడుగురమే, ఆ గేటుకు అడ్డంగా కూర్చుంటాం.