జాబితాలో లేని చేతులు

ప్రాణుల గుండెగుహలో రెప్పవేయక మేలుకొని ఉండే ఆ పరమాత్మకు మొక్కి, ఈ కథ ఆరంభం.

కచేరీ తెరిచే వేళకే తడిగుడ్డమ్మ కింది అంతస్తు నడవా సగం తుడిచింది. ఇరవయ్యేళ్ల సబ్బునీళ్లకు ఆమె వేళ్ల కొసలు పాలిపోయి, గోళ్ల చుట్టూ చర్మం చీలి ఉంది. ఆ ఏడంతస్తుల కచేరీలో ఆమె అసలు పేరు ఎరిగినవాడు ఒక్కడే, లిఫ్టు నడిపే ఆమె భర్త.

"ఏమయ్యా, పొద్దస్తమానం పైకీ కిందికీ తిరుగుతావు. నన్ను ఒక్క ఊరైనా తిప్పావా?"

"ఏడో అంతస్తు చూపించానుగా. అంతకంటే పైకి నా లిఫ్టు పోదే" అన్నాడతను, ఎడమ భుజం నిమురుకుంటూ.

నడవా గోడకు ఒక అద్దాల పెట్టె. లయ తప్పి వణికే గుండెను ఒక్క విద్యుద్ఘాతంతో దారిలో పెట్టే యంత్రం అందులో ఉంది. ఖరీదైన వస్తువును ఎవరు పడితే వారు కెలుకుతారని సూపర్‌వైజరు దానికి తాళం వేయించి, తాళంచెవి తన నడుముకు వేలాడదీసుకున్నాడు. ముట్టదగినవారు ముగ్గురేనని పైన జాబితా అంటించాడు. వారిలో ఒకరు బదిలీ అయ్యారు, ఒకరు సెలవులో ఉన్నారు. మిగిలింది ఏడో అంతస్తులోని పెద్ద గుమాస్తా.

ఆ యంత్రం వాడకంలో తర్ఫీదు ఇచ్చిన రోజున, తుడిచేవాళ్లకెందుకని ఆమెను గది బయటికి పంపారు. ఆమె ఆ గది అద్దాలనే బయటినుంచి గంటసేపు తుడిచి, ఓరతలుపులోంచి ప్రతి మాటా విన్నది. పడినవాడు పిలిస్తే పలక్క, ఊపిరి సరిగా తీయకపోతే, ఛాతీ నడుమ గట్టిగా, వడిగా నొక్కాలి. యంత్రం తేవాలి, ఏం చేయాలో అదే చెబుతుంది. గడిచే ప్రతి నిమిషమూ బతుకును కొంత కోసుకుపోతుంది.

పదకొండు గంటలకు లిఫ్టు కిందికి దిగింది. తలుపు తెరుచుకోగానే అతడు చేతిలోంచి జారిన తడిబట్టలా కుప్పకూలాడు. ఒళ్లు లోపల, కాళ్లు గడప మీద. గురకలాంటి ఎగశ్వాస రెండుసార్లు వచ్చి ఆగింది.

ఆమె మోకాళ్ల మీద కూర్చుని నొక్కడం మొదలుపెట్టింది. సూపర్‌వైజరు వచ్చి అంబులెన్సుకు ఫోను చేశాడు. పెద్ద గుమాస్తాకు కూడా చేసి, కిందికి రమ్మన్నాడే గాని ఎందుకో చెప్పలేదు.

"లే ముందు. ఎముక విరిగితే ఎవరు జవాబు చెప్తారు?"

"విరిగితే అతుకుతుంది సార్. ఆ పెట్టె తియ్యండి."

"జాబితాలో నీ పేరుందా?"

"నాకివ్వద్దు. తాళం మీ దగ్గరే ఉంది, మీరే తియ్యండి."

తన పేరూ లేదన్నాడాయన, తాళంచెవి మీద అరచెయ్యి వేసుకుని. నియమం ఆయనకు వేదవాక్యం.

చేతులాపి పెట్టె పగలగొట్టడానికి పోతే ఇక్కడ నొక్కేవారు లేరు. నొక్కుతూ కూర్చుంటే పెట్టె రాదు. ముందు నుయ్యి, వెనుక గొయ్యి. కాసేపు నొక్కండని చుట్టూ చేరినవాళ్లను అడిగింది. పదిమందీ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

పైన పెద్ద గుమాస్తా లిఫ్టు కోసం బొత్తాం నొక్కి నిలబడి ఉన్నాడు. మెట్లు దిగడం ఆయన హోదాకు తగదు. లిఫ్టు రాలేదు, దాని తలుపుకు అడ్డున్నవి పడిపోయినవాడి కాళ్లే.

విసుగెత్తి ఆయన మెట్ల మీదుగా రొప్పుతూ దిగేసరికి తొమ్మిది నిమిషాలు గడిచాయి. తాళం తీశారు. యంత్రపు తీగలున్న జిగురుపట్టీలు ఛాతీకి అంటించారు. అందరినీ ఎడంగా ఉండమని, కాసేపాగి, యంత్రం నెమ్మదైన గొంతుతో పలికింది: "షాక్ అవసరం లేదు. ఛాతీ నొక్కడం కొనసాగించండి."

"అవసరం లేదట. హమ్మయ్య, గండం గడిచింది" అన్నాడు పెద్ద గుమాస్తా. సమయానికి వచ్చారని సూపర్‌వైజరు ఆయన చేయి పట్టుకుని ఊపాడు.

తర్ఫీదు రోజున అద్దం అవతలినుంచి విన్న ఆఖరి మాట ఆమెకు మాత్రమే గుర్తుంది. గుండెలో వణుకు ఉన్నంతవరకే ఆ యంత్రానికి పని. అదీ ఆరిపోతే, అవసరం లేదనే చెబుతుంది.

ఆమె మళ్లీ అతడి ఛాతీ మీద చేతులు వేసింది. అంబులెన్సువాళ్లు వచ్చి తన చేతులను మెల్లగా పక్కకు తప్పించేదాకా నొక్కుతూనే ఉంది. వాళ్లూ చాలాసేపు ప్రయత్నించి, చివరికి గడియారం చూసుకున్నారు. గుడ్డ కప్పిన మంచం వెంట ఆమె నడిచి వెళ్లింది. అంతా జాబితా ప్రకారమే జరిగిందని సూపర్‌వైజరు పుస్తకంలో రాసుకున్నాడు.

పైనుంచి ఎవరో లిఫ్టును పిలిచారు. తలుపు మూసుకోబోయి, గడపలో మిగిలిన ఒంటి చెప్పుకు తగిలి, తెరుచుకుంది. మళ్లీ మూసుకోబోయింది. మళ్లీ తెరుచుకుంది.

విన్న ప్రతివారికీ, ప్రాణం మీదికి వచ్చిన వేళ, పేరడగని చేయి ఒకటి దగ్గర ఉండుగాక.