నేను మెచ్చుకున్న పీపా

జలుబు తగ్గి మూడు వారాలైంది. వాసన మాత్రం తిరిగి రాలేదు. ఎవరికీ చెప్పలేదు. కెంటకీలో ఇంత చిన్న విస్కీ బట్టీలో, రుచి చూసేవాడికి ముక్కు పనిచెయ్యకపోతే వాణ్ణి ఇంకెందుకు ఉంచుకుంటారు?

ఆ ఉదయం తేల్చాల్సింది ఒక్కటే. ఏడేళ్ళ బర్బన్ విస్కీని ఆరు నెలల కిందట, అంతకుముందు బ్రాందీ నిలవ ఉంచిన పీపాలోకి మార్చాం. ఇవాళ తీసెయ్యాలా, ఇంకో నెల ఉంచాలా? ఆలస్యమైతే చెక్కలో ఇంకిన బ్రాందీ ఘాటు, కిస్‌మిస్ వాసన పెత్తనం చేస్తాయి.

పీపాల మీద సుద్దతో రాసిన అంకెలు నేను పందొమ్మిదేళ్ళుగా చూడలేదు. బిరడా దగ్గర వాసన పట్టి పీపాని పోల్చుకోవడం నా గొప్ప. ఆ రోజూ వంగి, పీల్చి, తల పంకించాను. రాగి గొట్టంతో మూడు గ్లాసులు నింపాను. లేత తేనెరంగు. ఒకటి యజమానురాలు మొరీన్‌కి, ఒకటి గిడ్డంగి చూసే ముసలి హోబర్ట్‌కి.

నేను నోరు విప్పేదాకా ఎవరూ మాట్లాడకూడదు. అది మా ఆచారం.

తాగాను. మంట లేదు. ముక్కు వెంట నాలుకా పోయిందనుకున్నాను. మొరీన్ కళ్ళు మూసుకుంది. భయపడ్డవాడికి ఎదుటివాళ్ళ మొహంలో ఏది కావాలంటే అది కనిపిస్తుంది. నాకు పారవశ్యం కనిపించింది.

"ఎంత మెత్తగా ఉందో," అన్నాను. "గొంతుకి తెలియకుండా దిగిపోతోంది. పీపా మహిమ."

"అది కొత్తగా వచ్చిన ఖాళీ పీపా, వర్జిల్," అంది మొరీన్. "ఎండి కారుతోందని సోమవారం నీళ్ళు పోసి నానబెట్టాం. ఆ రంగు చెక్కది."

నీళ్ళు బాగానే ఉన్నాయన్నాడు హోబర్ట్.

నాలుగు అబద్ధాలు బుర్రలో తోసుకున్నాయి. వాటిని పక్కకి నెట్టి, ముక్కు పోయిందని చెప్పేశాను.

"తెలుసులే," అంది మొరీన్. "చచ్చిన ఎలుక పక్కనే కూర్చుని సాండ్‌విచ్ తిన్నావు. ఎప్పుడు చెప్తావా అని చూస్తున్నా."

అసలు పీపా తనే వెతికి, గ్లాసు నింపి హోబర్ట్ చేతిలో పెట్టింది. ముక్కు అతనిది, మాటలు నావి, నాకు వాసన తిరిగి వచ్చేదాకా ఇంతేనంది.

హోబర్ట్ చాలాసేపు పీల్చాడు. "మా ఆవిడ అలిగినప్పుడు చేసే యాపిల్ కేకు వాసన."

"అలిగితే ఏం చేస్తుంది?"

"దాల్చినచెక్క దండిగా వేస్తుంది. కిస్‌మిస్‌లూనూ."

రాసుకున్నాను. "ఇంకో నెల ఉంచితే?"

"ఇంకో నెల అలిగితే యాపిల్ తగలదయ్యా."

ఇవాళే తీసెయ్యాలన్నాను.