సున్నా నంబరు

జనం కొని, వద్దనుకుని తిప్పి పంపిన సరుకంతా ఆ గోడౌనుకే చేరుతుంది. కాలికి పట్టని చెప్పులు, తిరగని ఫ్యాన్లు, పుట్టినరోజు దాటాక అందిన బహుమతులు. ఒక్కోదాన్నీ విప్పి చూసి, ఎందుకు వద్దన్నారో ఆ కారణం ఉన్న చీటీ అతికించడం వదిన పని. చీటీ లేనిదే అక్కడినుంచి ఏదీ లారీ ఎక్కదు. "బొమ్మలో చూపించినట్టు లేదు" అన్న చీటీలే అన్నిటికన్నా ముందు అయిపోయేవి.

గోడౌనంతటికీ ఆవిడ వదినే. అసలు వరస మాత్రం ఒక్క మేనేజరుది. అతను ఆవిడ సొంత మరిది. ఏళ్ల తరబడి ఇంట్లో పడి తింటుంటే, యజమాని కాళ్లావేళ్లా పడి ఆవిడే ఇక్కడ పెట్టించింది. అతనికి పని రాదు గానీ పని చేస్తున్నట్టు కనబడటం బాగా వచ్చు. అందుకే మేనేజరయ్యాడు. అయిన మర్నాడే, "ఇక్కడ బంధుత్వాలు వద్దు. సార్ అనాలి," అన్నాడు.

సరుకు ఏ అరకి చేర్చాలో రోబోలకి చెప్పడానికి ఈమధ్యే ఒక ఏఐ ఏజెంటుని తెచ్చారు. మనిషి కాదు, కంప్యూటర్లో ఉండే బుర్ర. అది సందేశం పంపుతుంది, రోబోల సాఫ్ట్‌వేర్ అందుకుంటుంది, రోబోలు కదులుతాయి. మధ్యలో ఎవరూ నోరు మెదపక్కర్లేదు. అదే మరిదికి మింగుడుపడలేదు. తనని కాదని రెండు యంత్రాలు మాట్లాడుకోవడమా!

"ప్రతి సందేశం ముందు నాకు రావాలి," అని టెక్నీషియన్ని పిలిచి చెప్పాడు.

"అది సరుకు కదిలించే రోబోల వరస సార్. అందులో చేరితే మీరు కూడా..."

"నేను కదిలించకపోతే ఇక్కడ పూచికపుల్ల కదులుతుందా?"

టెక్నీషియన్ వాదించే రకం కాదు. ఒకటో నంబరు రోబోకి ముందు సున్నా నంబరు పెట్టి మరిదిని చేర్చేశాడు.

ఆ పూటే ఏజెంటు "సున్నా, ఎడమకి తిరుగు" అంది. మరిది కుర్చీలోంచి లేచి ఎడమకి తిరిగాడు. "నాలుగో అర దగ్గరికి వెళ్లు" అంటే టీ కప్పు అక్కడే వదిలేసి వెళ్లాడు. కాళ్లు వాటంతట అవే నడిచాయి. ఎవరూ వింతగా చూడలేదు. "సార్ వస్తున్నారు, జరగండి" అని ట్రాలీలు పక్కకి లాక్కున్నారు. ఛార్జింగుకి పొమ్మన్నప్పుడు ఆయనగారు కూడా రోబోల మధ్య గోడకి మొహం పెట్టి నిలబడేవాడు. పెట్టె ఎత్తమంటే మాత్రం చేతులు లేచేవి కావు. పుట్టి బుద్ధెరిగి పని ఎరగని చేతులు మరి, వాటి ముందు ఏ సందేశమైనా ఓడిపోవాల్సిందే.

"పేరు తీయించుకోండి సార్," అంది వదిన, చూడలేక.

"తనిఖీ చేస్తున్నాను. నీకు కళ్లు మండుతున్నాయి, అంతే."

తీయించుకోవడానికి ఒక్క మాట చాలు. కానీ అలా అంటే కాళ్లు తన మాట వినడం లేదని ఒప్పుకున్నట్టే కదా! ఆ ఉక్రోషమంతా ఆవిడ మీద చూపించాడు.

"రేపటినుంచి చీటీలు కూడా ఏజెంటే చూసుకుంటుంది. నువ్వు ఇంటిపట్టున ఉండి అన్నయ్యని చూసుకో."

"ఆయన నడుం పడిపోయి మంచం మీద ఉన్నారు. నా జీతం లేకపోతే ఇల్లెలా గడుస్తుంది?"

"బంధుత్వాలు వద్దన్నానా?"

ఆ జీతంతోనే అన్నేళ్లు తిన్నవాడు, ఆ మాట అనడానికి కాస్త కూడా తడబడలేదు. వదినకి ఒళ్లు మండిపోయింది.

ఆ సాయంత్రమే పాడైన రోబోల కోసం వాటి కంపెనీ లారీ వచ్చింది. అందరూ వినేలా మరిది గొంతు పెంచాడు. "పనికిరానిదాన్ని ఏరి లారీ ఎక్కించు. మొహమాటం లేదు. యంత్రాల తర్వాత మనుషుల సంగతి చూద్దాం," అని ఏజెంటుకి చెప్పి, వదిన వైపు చూసి నవ్వాడు.

ఏజెంటు వరసంతా చూసింది. ఇంతవరకు ఒక్క పెట్టె కూడా ఎత్తనిది ఒక్కటే కనిపించింది.

"సున్నా, లారీ ఎక్కు."

మరిది నవ్వు మొహం మీద ఉండగానే కాళ్లు గేటు వైపు నడిచాయి. లారీకి ఆనించిన చెక్క పలక మీదుగా పైకెక్కి, కుంటి రోబోల పక్కన నిలబడ్డాడు.

"దీనికి చీటీ ఏదమ్మా?" అని అడిగాడు డ్రైవరు.

వదిన బల్ల దగ్గరినుంచి లేచి వచ్చింది.

"చీటీ అతికించకు వదినా! టెక్నీషియన్ని పిలువు, నా పేరు తీయించు! నేను నీ మరిదిని!"

"ఇక్కడ బంధుత్వాలు వద్దు సార్."

జాలి కలుగుతుందేమోనని కాసేపు ఆగి చూసింది. కలగలేదు. చీటీల కట్టలోంచి ఒకటి తీసి, ఇస్త్రీ చొక్కా జేబు మీద వేళ్లతో గట్టిగా నొక్కి అతికించింది. బొమ్మలో చూపించినట్టు లేదు.

లారీ కదిలింది. రేపటినుంచి రావద్దన్నవాడు అందులో వెళ్లిపోయాడు. వదిన బల్ల దగ్గరికి వచ్చి తర్వాతి పెట్టె విప్పింది.