డ్రెక్లీ వస్తాడులే

ఇంగ్లండులోని కార్న్‌వాల్ చేపలరేవులో "డ్రెక్లీ" అంటే ఇవాళా కాదు, రేపూ కాదు, ఎప్పుడో అప్పుడు. ఆ మాట అనేశాక మళ్ళీ అడిగితే మనిషిని అవమానించినట్టే. పడవలు బాగుచేసే డిగొరీ ఆ మర్యాద చాటున ఏళ్ళ తరబడి హాయిగా బతికేశాడు. జాగో తన పడవలో నీళ్ళు తోడే పంపు విప్పి తెచ్చి ఇచ్చినప్పుడూ "డ్రెక్లీ చేస్తాలేరా" అన్నాడు. జాగో మళ్ళీ అడిగితే ఒట్టు. పంపు షెడ్డులోనే పడి ఉంది.

ఇవాళ ఉన్నట్టుండి గాలి రేగింది. వేటకు వెళ్ళిన పడవలన్నీ వచ్చేశాయి, జాగోది తప్ప. అతని భార్య లొవేనా గట్టు మీదికి పరుగెత్తుకొచ్చింది.

"కాపాడే లైఫ్‌బోటును పిలవండి, ఎవరైనా!"

ముసలాళ్ళు నవ్వారు. "వాడికి తొందరెప్పుడుంది గనకే తల్లీ? డ్రెక్లీ వస్తాడులే. ఊరికే పిలిచావంటే రేపు వాణ్ణి చూసి రేవంతా నవ్వుతుంది."

లొవేనా డిగొరీ వైపు తిరిగింది. "బాబాయ్, నువ్వు చెప్పు. పడవ బాగానే ఉందిగా?"

డిగొరీకి షెడ్డులో పడి ఉన్న పంపు గుర్తొచ్చింది. నిజం చెబితే ఇన్నాళ్ళ పరువూ గంగలో కలిసినట్టే.

"బాగానే ఉందమ్మా" అన్నాడు.

ఛీ, ఎంత సులువుగా వచ్చిందో ఆ అబద్ధం! ఆమె అది నమ్మి కాస్త ఊపిరి పీల్చుకుంది. ఇంతలో ఓ పెద్ద కెరటం గట్టు దాటొచ్చి అందరినీ తడిపేసింది. ఇక ఆగలేకపోయాడు.

"పంపు లేదమ్మా! నా దగ్గరే ఉంది, బాగుచెయ్యలేదు. నీళ్ళెక్కితే తోడుకునే దారి లేదు వాడికి. పిలవండ్రా లైఫ్‌బోటుని, చూస్తారేం!"

ఈసారి ఎవరూ నవ్వలేదు. కాసేపటికి లైఫ్‌బోటు కెరటాల్లోకి దూకి కనుమరుగైంది. డిగొరీ తల వంచుకుని ఇంటిదారి పట్టబోయాడు. లొవేనా అతని కోటు పట్టుకుని ఆపింది. తిడుతుందనుకున్నాడు. కొట్టినా పడేవాడే.

"ఎక్కడికి బాబాయ్? వాళ్ళొచ్చేదాకా ఇక్కడే నిలబడు. ఎదురుచూడ్డం ఎలా ఉంటుందో నువ్వూ చూడు."

అతను నిలబడ్డాడు. పొద్దుగూకినా సముద్రం మీద ఏ పడవా కనిపించలేదు. ఆమె అతని కోటు వదల్లేదు.